టాలీప్రైమ్‌లో ఏది ఎక్కడుంది? నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్ మిల్లు, రొయ్యల మేత డీలరు, గ్రానైట్ యూనిట్, ఎరువుల షాపు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి చోట్ల లెక్కలు చూసేవాళ్ళు, ఓనర్లు టాలీప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. డెబిట్, క్రెడిట్ పాఠాలు ఇందులో లేవు. స్క్రీన్ మీద దారి తెలియక ఆగిపోయేవాళ్ళ కోసం ఇది. కీలన్నీ టాలీప్రైమ్‌వి. రిలీజును బట్టి పేర్లు అక్కడక్కడా మారతాయి. అలా మారిన చోట మీ స్క్రీన్ మీద ఉన్నదే లెక్క.

మొదటి స్క్రీన్‌లోనే ఇన్ని పేర్లున్నాయి. ముందు దేన్ని పట్టుకోవాలి?

గేట్‌వే ఆఫ్ టాలీలో ఎన్ని పేర్లున్నా ముఖ్యమైన రకాలు మూడే. పైన మాస్టర్స్, దాని కింద ట్రాన్సాక్షన్స్, ఆ కింద రిపోర్ట్స్. కోవూరు మిల్లు నుంచి ఒంగోలు షాపుకు బియ్యం పంపారనుకోండి. ఆ షాపు పేరు, బియ్యం రకం, బస్తా అనే కొలత మాస్టర్లు. ఒకసారి పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వాడుకుంటాం. పంపిన బిల్లు వోచర్. ఆ షాపు ఇంకా ఎంత ఇవ్వాలి, మిల్లులో ఎన్ని బస్తాలు మిగిలాయి అన్నవి రిపోర్టులు.

దేని కోసమైనా వెతికే ముందు 'ఇది మాస్టరా, వోచరా, రిపోర్టా' అని అడిగి చూడండి. సగం మెనూలు పక్కకు పోతాయి. మాస్టరైతే క్రియేట్ లేదా ఆల్టర్, వోచరైతే వోచర్స్ లేదా డే బుక్, రిపోర్టైతే కింద ఉన్నవన్నీ.

రిపోర్టులో తప్పు అంకె కనిపిస్తే చాలామంది ఆ రిపోర్టులోనే దిద్దే చోటు వెతుకుతారు. అది దండగ పని. రిపోర్టులో ఎవరూ ఏదీ రాయరు, వోచర్ల నుంచి టాలీ దాన్ని తయారు చేస్తుంది. ఆ అంకె మీద ఎంటర్ కొడుతూ లోపలికి వెళ్తే చివరికి దాని వెనకున్న వోచర్ తెరుచుకుంటుంది. దిద్దాల్సింది అక్కడ. ఎస్కేప్ కొడితే ఒక్కో మెట్టు వెనక్కి వస్తారు.

డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్‌లో మెనూ లోపల మెనూ ఉంది. ఈ దారులన్నీ గుర్తుపెట్టుకోవాలా?

అక్కర్లేదు. ఆల్ట్+జి నొక్కండి. గో టు అనే పెట్టె వస్తుంది. అందులో మీకు కావలసిన పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే లిస్టు దగ్గరపడుతుంది. 'స్టాక్' అని కొడితే స్టాక్‌కు సంబంధించినవి, 'బిల్స్' అని కొడితే బిల్స్ రిసీవబుల్, బిల్స్ పేయబుల్ కనిపిస్తాయి. లెడ్జర్ (ఒక పార్టీ పేరు మీదో, ఖర్చు పేరు మీదో ఉండే ఖాతా) పేరు తెలిస్తే అక్కడి నుంచే లెడ్జర్ వోచర్స్ తెరుచుకోవచ్చు.

దీనిలో ఇంకో సుఖం ఉంది. బిల్లు కొడుతుండగా ఓనరు వచ్చి 'ఆ కావలి పార్టీ బాకీ ఎంతరా' అంటే బిల్లు వదిలి బయటికి రావాల్సిన పని లేదు. అక్కడే ఆల్ట్+జి కొట్టి బాకీ చూసి, ఎస్కేప్ కొడితే మళ్ళీ అదే బిల్లులో అదే చోట ఉంటారు. పాత టాలీలో ఈ వసతి లేదు. టాలీప్రైమ్‌లో ఒక్క కీ మాత్రమే నేర్చుకునే ఓపిక ఉంటే అది ఇదే అని నా అభిప్రాయం. 'గేట్‌వే నుంచి డిస్‌ప్లే, అక్కడి నుంచి స్టేట్‌మెంట్స్' అని దారులు బట్టీ పట్టించే కోచింగ్ సెంటర్లు ఇంకా ఉన్నాయి. ఉద్యోగంలో చేరాక ఆ బట్టీ ఎవరికీ గుర్తుండదు.

పక్క షాపు టాలీలో ఉన్న ఆప్షన్ నా దానిలో లేదు. మాకు తక్కువ వెర్షన్ ఇచ్చారా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. లేకపోవడం చాలా అరుదు. ఉంటుంది, కానీ ఆపి ఉంటుంది. టాలీ మెనూ అన్ని షాపుల్లో ఒకేలా ఉండదు. మీరు ఏది ఆన్ చేశారో, ఏ స్క్రీన్‌లో ఉన్నారో, ఏ యూజరుగా లోపలికి వచ్చారో దాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి ఈ వరసలో చూసుకోండి.

ముందు ఎఫ్11. ఇది కంపెనీ ఫీచర్స్ స్క్రీన్. బ్యాచ్‌లు, కాస్ట్ సెంటర్లు, జీఎస్టీ, టీడీఎస్, పేరోల్, ప్రైస్ లెవెల్స్, ఇవన్నీ ఇక్కడ ఎస్ (Yes) పెడితేనే బయట మెనూల్లో కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఎఫ్11 నొక్కగానే వచ్చేది పూర్తి లిస్టు కాదు. కింద 'షో మోర్ ఫీచర్స్' అనే లైను ఉంటుంది, దానికి ఎస్ పెట్టాలి. అప్పుడు కింద 'షో ఆల్ ఫీచర్స్' అని ఇంకొకటి వస్తుంది. దానికీ ఎస్ పెట్టాకే మొత్తం బయటపడుతుంది.

అక్కడా లేకపోతే ఎఫ్12. ఇది మీరున్న స్క్రీన్‌కు మాత్రమే సంబంధించిన సెట్టింగ్. సేల్స్ బిల్లులో నిలబడి ఎఫ్12 కొడితే బిల్లుకు సంబంధించినవి వస్తాయి, స్టాక్ ఐటమ్‌లో కొడితే ఐటమ్‌కు సంబంధించినవి వస్తాయి. 'ఎఫ్12లో ఉందన్నారు, నాకు లేదు' అంటే మీరు వేరే స్క్రీన్‌లో కొట్టారన్నమాట.

మూడోది షో ఇన్‌యాక్టివ్. వోచర్లో ఎఫ్10 కొడితే మిగతా వోచర్ రకాల లిస్టు వస్తుంది. డెలివరీ నోట్, ఫిజికల్ స్టాక్ లాంటివి అందులో లేకపోతే 'షో ఇన్‌యాక్టివ్' తెరవండి. అందులోంచి ఎంచుకుంటే యాక్టివేట్ చేయమంటారా అని టాలీయే అడుగుతుంది. మాస్టర్లు క్రియేట్ చేసే లిస్టులో కూడా షో మోర్, షో ఇన్‌యాక్టివ్ ఉంటాయి.

నాలుగోది మీ లాగిన్. ఓనరు మిమ్మల్ని డేటా ఎంట్రీ యూజరుగా పెట్టి ఉంటే ఆయనకు కనిపించే మెనూల్లో కొన్ని మీకు కనిపించవు. దానికి ఎఫ్11 ఎంత నొక్కినా లాభం లేదు, ఆయన్నే అడగాలి.

ఈ నాలుగూ అయ్యాక కూడా లేకపోతే అప్పుడు మీ రిలీజ్ పాతదేమో చూడండి. ఎఫ్1 కొట్టి అబౌట్‌లోకి వెళ్తే తెలుస్తుంది.

కుడి పక్కన బటన్లు ఒక్కోసారి ఒక్కోలా ఉన్నాయి. ఎందుకు?

అవి కూడా మీరున్న స్క్రీన్‌ను బట్టి మారేవే. వోచర్లో ఉంటే ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. రిపోర్టులోకి వెళ్తే అవే కీలకు వేరే పనులు వస్తాయి. పై వరస మాత్రం ఎప్పుడూ ఒకటే. ఆల్ట్+కె కంపెనీ, ఆల్ట్+వై డేటా, ఆల్ట్+జెడ్ ఎక్స్‌చేంజ్, ఆల్ట్+జి గో టు, తర్వాత ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, షేర్, ప్రింట్, హెల్ప్. దారి తప్పినట్టు అనిపిస్తే పై వరసలో ఏముందో ఒకసారి చదవండి.

మేము ఏళ్ళుగా పాత టాలీ ఈఆర్‌పీ 9లో చేశాం. ప్రైమ్‌కు మారాక చేతులు ఆడటం లేదు. పాతవన్నీ ఎక్కడికి పోయాయి?

టాలీప్రైమ్ 2020 నవంబరులో వచ్చింది. పని అదే, సర్దుబాటు మారింది. అకౌంట్స్ ఇన్ఫో, ఇన్వెంటరీ ఇన్ఫో అనే రెండు మెనూలు పోయి క్రియేట్, ఆల్టర్, చార్ట్ ఆఫ్ అకౌంట్స్ వచ్చాయి. లెడ్జరైనా, స్టాక్ ఐటమ్ అయినా అన్నీ ఒకే క్రియేట్‌లో ఉంటాయి. అకౌంటింగ్ వోచర్లు, ఇన్వెంటరీ వోచర్లు కలిసిపోయి వోచర్స్ అయ్యాయి. డిస్‌ప్లే అన్నది డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్ అయింది. పాత ఆల్ట్+ఎఫ్3 కంపెనీ ఇన్ఫోలో ఉన్న పనులు రెండుగా చీలాయి. కంపెనీ తెరవడం, మార్చడం, పాస్‌వర్డులు ఆల్ట్+కెలోకి, బ్యాకప్, రిస్టోర్ ఆల్ట్+వైలోకి వెళ్ళాయి.

మెనూల కంటే వేళ్ళ అలవాటుతోనే అసలు తంటా. పాతదానిలో కంట్రోల్+ఎఫ్8 కొడితే క్రెడిట్ నోట్ వచ్చేది. ఇప్పుడు అదే కొడితే సేల్స్ ఆర్డర్ వస్తుంది. పాత ఆల్ట్+ఎఫ్5 సేల్స్ ఆర్డర్, ఇప్పుడు అది డెబిట్ నోట్. ఇప్పటి క్రెడిట్ నోట్ ఆల్ట్+ఎఫ్6. చూడకుండా కొట్టే అలవాటున్న సీనియర్లే ఇక్కడ బోర్లా పడతారు, కొత్తగా చేరిన పిల్లలు కాదు. మారిన మొదటి నెల వోచర్ తెరిచాక ఎడమ పక్క పైన ఏ రకం పేరు ఉందో చూసి అప్పుడు టైపు చేయండి.

ఇన్‌వాయిస్ ఆకారం నుంచి మామూలు వోచర్ ఆకారానికి మారడానికి పాత కంట్రోల్+వి పనిచేయదు. కంట్రోల్+హెచ్ కొట్టండి.

డే బుక్ తెరిస్తే నిన్నటి బిల్లులు లేవు. డేటా పోయిందా?

టెన్షన్ పడకండి. డే బుక్ ఒక్క రోజుదే చూపిస్తుంది, అది మీరు అనుకున్న రోజు కాకపోవచ్చు. గేట్‌వేలో ఎడమ వైపు కరెంట్ డేట్ అని ఒకటి ఉంటుంది. అది గోడ మీద క్యాలెండర్ తేదీ కాదు, టాలీలో మీరు పని చేస్తున్న తేదీ. ఎవరైనా పాత బిల్లు వేయడానికి దాన్ని వెనక్కి జరిపి వదిలేస్తే, తర్వాత వేసినవన్నీ ఆ పాత తేదీకే పడతాయి. ఎఫ్2తో తేదీ, ఆల్ట్+ఎఫ్2తో కాలం మార్చుకోండి. ఏప్రిల్ 1 నుంచి ఈరోజు వరకు పెట్టి చూస్తే తప్పిపోయిన బిల్లు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

తేదీ కొడితే తీసుకోవడం లేదు, 1, 2, 31 మాత్రమే తీసుకుంటోంది.

ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉన్నారు. అంటే లైసెన్స్ యాక్టివేట్ కాలేదు. నేర్చుకునే పిల్లలకైతే ఇబ్బంది లేదు. షాపుకైతే లైసెన్స్ తీసుకోవాలి, ఒక్క కంప్యూటరుకు సిల్వర్, ఆఫీసులో నలుగురు వాడితే గోల్డ్.

మా మిల్లులో వడ్లు పుట్టి లెక్కన కొంటాం, బియ్యం కేజీల్లో అమ్ముతాం. పుట్టి ఎక్కడ పెట్టాలి?

నెల్లూరు పుట్టి అంటే 850 కేజీలు. టాలీకి ఈ సంగతి తెలియదు, మనమే చెప్పాలి. రెండు దారులున్నాయి.

ఒకటి కాంపౌండ్ యూనిట్. క్రియేట్‌లో యూనిట్‌కు వెళ్ళి ముందు 'కేజీ', తర్వాత 'పుట్టి' అని రెండు సింపుల్ యూనిట్లు తయారు చేసుకోవాలి. తర్వాత మూడోసారి యూనిట్ తెరిచి, టైపు కాంపౌండ్ అని మార్చి, మొదటి యూనిట్ పుట్టి, కన్వర్షన్ 850, రెండో యూనిట్ కేజీ అని పెట్టాలి.

రెండోది ఆల్టర్నేట్ యూనిట్. స్టాక్ ఐటమ్ క్రియేట్ చేసే స్క్రీన్‌లో ఎఫ్12 కొట్టి ఆల్టర్నేట్ యూనిట్స్‌కు ఎస్ పెడితే ఐటమ్‌లో కొత్త గడి వస్తుంది. అసలు యూనిట్ కేజీ, ఆల్టర్నేట్ పుట్టి, 1 పుట్టికి 850 కేజీలు అని ఇస్తే చాలు.

నన్నడిగితే రెండోదే మేలు. ఎందుకంటే వేబ్రిడ్జి స్లిప్పులో వచ్చేది కేజీలు, జీఎస్టీకి పంపేదీ కేజీలే. యూనిట్ తయారు చేసేటప్పుడు యూక్యూసీ అనే గడి ఒకటి వస్తుంది. అది ప్రభుత్వం ఇచ్చిన కొలతల కోడ్. అందులో కేజీకి కేజీఎస్ ఉంది, పుట్టికి ఏదీ లేదు, అదర్స్ పెట్టాల్సి వస్తుంది. అసలు లెక్క కేజీల్లో ఉంచుకుని రైతుతో మాట్లాడేటప్పుడు పుట్టి చూసుకుంటే రెండు వైపులా గొడవ ఉండదు. స్టాక్ సమ్మరీలో పుట్టి కూడా కనిపించాలంటే ఆ రిపోర్టులో ఎఫ్12 కొట్టి ఆల్టర్నేట్ యూనిట్లు చూపించమనాలి.

ఒక హెచ్చరిక. ఐటమ్ మీద లావాదేవీలు నడిచాక యూనిట్ మార్చబోతే టాలీ అడ్డుపడుతుంది. సీజన్ మొదలయ్యే ముందే దీన్ని తేల్చుకోండి.

25 కేజీల బస్తాకు జీఎస్టీ పడుతోంది, 26 కేజీలదానికి లేదు. రెండూ ఒకే ఐటమ్‌గా పెట్టుకోవచ్చా?

వద్దు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల వరకు ఉంటే 5 శాతం పన్ను. ఇది 2022 జూలై 18 నుంచి ఉంది. అంతకు మించిన బస్తాకు పన్ను లేదు, అందుకే ఆ తర్వాత బజారు నిండా 26 కేజీల బస్తాలు వచ్చాయి. టాలీలో పన్ను రేటు ఐటమ్‌కు అంటుకుని ఉంటుంది కాబట్టి ఒక్కో బస్తా సైజుకు ఒక్కో ఐటమ్ పెట్టి, రెంటినీ ఒకే స్టాక్ గ్రూపు కింద ఉంచండి. ఒకటి ట్యాక్సబుల్, రెండోది ఎగ్జెంప్ట్.

రేటు ఎక్కడ పెట్టాలన్నది వేరే ప్రశ్న. కంపెనీకి, స్టాక్ గ్రూపుకు, ఐటమ్‌కు, సేల్స్ లెడ్జరుకు, అన్ని చోట్లా రేటు గడి ఉంటుంది. అన్ని చోట్లా నింపితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఎవరికీ అర్థం కాదు. ఒకే చోట పెట్టండి. బియ్యం లాంటి వాటికి ఐటమ్ దగ్గర, ఒకే రేటున్న సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకు గ్రూపు దగ్గర.

2025 సెప్టెంబరులో రేట్లు మారాయి. ఐటమ్‌లో రేటు మార్చితే పాత బిల్లులు కూడా మారిపోతాయా?

'ఏ తేదీ నుంచి' అన్న గడిని సరిగ్గా నింపితే మారవు. కొత్త రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చాయి. ఉదాహరణకు గ్రానైట్ బ్లాకులు 12 శాతం నుంచి 5కి దిగాయి. ఐటమ్‌ను ఆల్టర్‌లో తెరిచి, జీఎస్టీ వివరాల్లో కొత్త రేటుకు ఆ తేదీ ఇవ్వండి. 21వ తేదీ వరకు బిల్లులకు పాత రేటు, తర్వాతవాటికి కొత్తది తగులుతుంది. ఐటమ్‌లు వందల్లో ఉంటే ఒక్కొక్కటి తెరవకుండా ఆల్టర్ లిస్టులోని జీఎస్టీ రేట్ సెటప్‌లో ఒకేసారి చేసుకోవచ్చు.

చీమకుర్తిలో బ్లాకులు కొంటాం. కొలిచింది ఒకటి, బిల్లు చేసేది ఒకటి. రెండూ చూపించే వీలుందా?

ఉంది, చాలామందికి తెలియదు. ఎఫ్11లో 'యూజ్ సెపరేట్ యాక్చువల్ అండ్ బిల్డ్ క్వాంటిటీ' అనేదానికి ఎస్ పెట్టండి. బిల్లులో పరిమాణానికి రెండు గడులు వస్తాయి. స్టాకు యాక్చువల్ (కొలిచిన పరిమాణం) ప్రకారం మారుతుంది, డబ్బు బిల్డ్ (బిల్లు చేసిన పరిమాణం) ప్రకారం లెక్కకడుతుంది. తగ్గింపు పోను నికర క్యూబిక్ మీటర్లకు బిల్లు చేసేవాళ్ళకు ఇది అచ్చంగా సరిపోతుంది.

బ్లాకు నంబర్లను ఐటమ్‌లుగా పెట్టుకోవద్దు. ఏడాది తిరిగేసరికి ఐటమ్ లిస్టు చాంతాడంత అవుతుంది. 'బ్లాక్ గెలాక్సీ' అని ఒకే ఐటమ్ పెట్టి, ఎఫ్11లో బ్యాచ్‌లు ఆన్ చేసి, ఐటమ్‌లో 'మెయింటెయిన్ ఇన్ బ్యాచెస్' ఎస్ చేసి, బ్లాకు నంబరును బ్యాచ్ నంబరుగా వాడండి. ఏ బ్లాకు అమ్ముడుపోయింది, ఏది యార్డులో ఉంది అన్నది బ్యాచ్ రిపోర్టులో కనిపిస్తుంది.

మేత, మందుల డీలర్లు కూడా ఇదే బ్యాచ్ దారిలో ఎక్స్‌పైరీ తేదీ ఆన్ చేసుకోవచ్చు.

మాకు ఏడు రొయ్యల గుంటలున్నాయి. ఏ గుంటకు ఎంత ఖర్చయిందో టాలీ చెబుతుందా?

కాస్ట్ సెంటర్లు దీనికోసమే ఉన్నాయి. ఎఫ్11లో ఆన్ చేసి, క్రియేట్‌లో కాస్ట్ సెంటర్ కింద గుంట 1, గుంట 2 అని పెట్టుకోండి. ఆ తర్వాత మేత, డీజిల్, కరెంటు, సీడ్, కూలి, ఏ ఖర్చు వోచర్ వేసినా ఏ గుంటకు ఎంత అని అడుగుతుంది. అడగకపోతే ఆ లెడ్జర్లో 'కాస్ట్ సెంటర్స్ ఆర్ అప్లికబుల్' నో అని ఉందన్నమాట. అమ్మకాన్ని కూడా గుంటల వారీగా పంచితే ఏ గుంట మిగిల్చింది, ఏది ముంచింది అన్నది స్టేట్‌మెంట్స్ ఆఫ్ అకౌంట్స్‌లోని కాస్ట్ సెంటర్స్ రిపోర్టులో తేలుతుంది.

పంటల వారీగా కూడా కావాలంటే పంటను పై కాస్ట్ సెంటరుగా పెట్టి, ఆ 'అండర్' గడిలో దాని కింద గుంటలు చేర్చండి. పంట మారినప్పుడు కొత్త కట్ట మొదలవుతుంది. అన్ని గుంటలకూ కలిపి వచ్చే కరెంటు బిల్లును ఎట్లా పంచాలో మాత్రం టాలీ చెప్పదు. ఏరేటర్లు ఎన్ని ఉన్నాయో, విస్తీర్ణం ఎంతో చూసి మీరే ఒక పద్ధతి పెట్టుకుని పంట మొత్తం దానికే కట్టుబడండి.

పట్టుబడి అమ్మేటప్పుడు కౌంటు, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంగతి కూడా అడుగుతుంటారు. కొనే ఏజెంట్లయితే 30 కౌంటు, 40 కౌంటు, 100 కౌంటు అని వేర్వేరు ఐటమ్‌లు పెట్టుకోవాలి, ధర అంతా దాని మీదే కాబట్టి. పండించే రైతుకు ఆ అవసరం లేదు, కౌంటును నరేషన్‌లో రాస్తే సరిపోతుంది.

నెల్లూరులో షాపు, కావలిలో గోడౌన్. సరుకు అటూ ఇటూ పంపితే ఎక్కడ రాయాలి?

క్రియేట్‌లో గోడౌన్ అని ఉంటుంది, కనిపించకపోతే షో మోర్. మొదట్నుంచీ మెయిన్ లొకేషన్ అని ఒకటి ఉంటుంది, దాన్ని షాపు పేరుకు మార్చుకుని కావలి ఇంకొకటి చేర్చండి. సరుకు జరిపినప్పుడు ఆల్ట్+ఎఫ్7 స్టాక్ జర్నల్. అమ్మకం బిల్లు వేయకూడదు.

బాకీల లిస్టులో పార్టీ మొత్తం కనిపిస్తోంది, బిల్లుల వారీగా రావడం లేదు.

ఎఫ్11లో బిల్‌వైజ్ ఆన్‌లో ఉన్నా సరిపోదు, ఆ పార్టీ లెడ్జర్లో 'మెయింటెయిన్ బ్యాలెన్సెస్ బిల్ బై బిల్' కూడా ఎస్ ఉండాలి. అది ఉన్నా రిసీట్ వేసేటప్పుడు బిల్లు చూపించకుండా 'ఆన్ అకౌంట్' అని వదిలేస్తే, వచ్చిన డబ్బు ఏ బిల్లుకూ అంటుకోక గాల్లో ఉంటుంది. ఎరువుల షాపుల్లో పంట చేతికొచ్చినప్పుడు రైతు తెచ్చి ఇచ్చే డబ్బు చాలాసార్లు ఇలాగే మిగిలిపోతుంది. అప్పుడప్పుడు ఆ రిసీట్లను తెరిచి ఏ బిల్లుకో చూపించాలి. ఆల్ట్+జిలో బిల్స్ రిసీవబుల్ తెరిచి కుడి పక్క బటన్లలో బాకీ వయసు ప్రకారం విడగొట్టి చూడొచ్చు.

చెన్నై పార్టీకి బిల్లు కొడితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడింది.

వేరే రాష్ట్రం పార్టీకి పడాల్సింది ఐజీఎస్టీ. పార్టీ లెడ్జర్లో రాష్ట్రం చూడండి. తమిళనాడు బదులు ఆంధ్రప్రదేశ్ ఉంటుంది. జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చెప్పేస్తాయి. మనది 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29. బిల్లు మధ్యలోనే పార్టీ పేరు మీద కంట్రోల్+ఎంటర్ కొట్టి లెడ్జర్ దిద్దుకోవచ్చు. కొత్త పార్టీ అయితే ఆల్ట్+సి, బిల్లు వదలకుండానే లెడ్జర్ తయారవుతుంది.

ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్ ఏ మెనూలో ఉన్నాయి?

పైన ఆల్ట్+జెడ్ ఎక్స్‌చేంజ్‌లో. టాలీ నుంచి ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్ళేవి, అక్కడి నుంచి వచ్చేవి ఇక్కడ ఉంటాయి. ఈ-ఇన్‌వాయిస్ 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళకు తప్పనిసరి. పన్ను పడే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్ కావాలి. బిల్లు సేవ్ చేస్తుండగానే పంపేలా పెట్టుకుంటే లారీ డ్రైవరు గేటు దగ్గర ఎదురుచూడడు.

జీఎస్టీఆర్-1, 3బి రిటర్నులు మాత్రం రిపోర్టుల్లో, జీఎస్టీ రిపోర్ట్స్ కింద ఉంటాయి. వాటిలో 'అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్' అని ఒక లైను కనిపిస్తే దాన్ని సున్నా చేశాకే ఆడిటరుకు పంపండి. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) లేకపోవడం, రాష్ట్రం లేకపోవడం, యూక్యూసీ పెట్టకపోవడం, అన్నీ అక్కడ పోగై ఉంటాయి. 10వ తేదీ రాత్రి చూసుకుంటే అప్పటికి ఆలస్యం, నెలవారీ వేసేవాళ్ళకు జీఎస్టీఆర్-1 గడువు 11.

స్క్రీన్ తెలుగులో వస్తుందా?

వస్తుంది. కంట్రోల్+కె కొట్టి తెలుగు ఎంచుకోండి, టైపు చేసే భాషకు కంట్రోల్+డబ్ల్యూ. కానీ వీడియోల్లో, హెల్ప్‌లైన్‌లో, ఆడిటర్ నోట అన్నీ ఇంగ్లీషు పేర్లే వినిపిస్తాయి కాబట్టి మెనూలను ఇంగ్లీషులోనే ఉంచుకోవడం సుఖం. పార్టీ పేర్లకు ఏలియాస్ గడిలో తెలుగు పేరు ఇచ్చుకుంటే రెండు విధాలుగానూ దొరుకుతుంది.

గుమాస్తాకు బిల్లులు కనబడాలి, లాభనష్టాలు కనబడకూడదు. ఎట్లా?

ఆల్ట్+కెలో కంపెనీని ఆల్టర్ చేసి యూజర్ యాక్సెస్ కంట్రోల్ ఆన్ చేయండి. తర్వాత అదే మెనూలో యూజర్ రోల్స్‌లో ఏది చూడొచ్చో, ఏది చూడకూడదో రాసి, యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్‌లో అతని పేరు చేర్చండి. పాత తేదీల్లో బిల్లులు దిద్దకుండా కూడా రోల్‌లోనే ఆపొచ్చు. నెల్లూరు షాపుల్లో ఎక్కువ చోట్ల అందరూ ఒకే పాస్‌వర్డుతో లోపలికి వెళ్తారు. ఆ తర్వాత 'ఈ బిల్లు ఎవరు మార్చారు' అని పంచాయతీ పెడితే లాభం లేదు.

పక్కనే టాలీవాల్ట్ అని ఉంటుంది. అది కంపెనీ పేరునూ డేటానూ మూసేసే వేరే పాస్‌వర్డు. మరిచిపోతే తెరిచే దారి లేదు, టాలీవాళ్ళ దగ్గర కూడా.

బిల్లు తప్పు పడితే డిలీట్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా?

ఆల్ట్+డి డిలీట్, ఆల్ట్+ఎక్స్ క్యాన్సిల్. క్యాన్సిల్ చేస్తే బిల్లు నంబరు డే బుక్‌లో నిలిచి ఉంటుంది, అందులోని డబ్బు అంకె మాత్రం పోతుంది. పార్టీ చేతికి వెళ్ళిన బిల్లును డిలీట్ చేయకండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఉంది.

టాలీ తెరిస్తే మా కంపెనీ పేరే లేదు!

ఆల్ట్+ఎఫ్3 కొట్టండి. లిస్టులో లేకపోతే స్పెసిఫై పాత్‌తో డేటా ఉన్న ఫోల్డరు చూపించాలి. కంప్యూటరు ఫార్మాట్ చేసినప్పుడో, టాలీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడో ఈ దారి మారిపోతుంది. డేటా ఫోల్డరులో అంకెలే పేర్లుగా ఉన్న ఫోల్డర్లుంటాయి. ఒక్కొక్కటి ఒక్కో కంపెనీ. అవి ఉన్నాయంటే లెక్కలు ఉన్నట్టే.

బ్యాకప్ ఆల్ట్+వైలో ఉంది. అదే కంప్యూటరులో ఇంకో డ్రైవుకు తీసుకుంటే అది బ్యాకప్ అనిపించుకోదు. పెన్‌డ్రైవులోకి తీసి, రోజూ ఇంటికి తీసుకెళ్ళే మనిషి జేబులో ఉంచండి. తుపాను నెలల్లో మరీ.

రెన్యువల్ కట్టకపోతే మెనూలు పోతాయా?

శాశ్వత లైసెన్స్ అయితే పోవు. బిల్లులు కొట్టుకోవచ్చు, రిపోర్టులు చూసుకోవచ్చు. ఆగిపోయేవి కొత్త రిలీజులు, ఫోన్ బ్రౌజరులో రిపోర్టులు చూడటం లాంటి ఆన్‌లైన్ పనులు. పన్ను రూల్స్ మారినప్పుడల్లా కొత్త రిలీజ్ వస్తుంది కాబట్టి జీఎస్టీ రిటర్నులు టాలీ నుంచే వేసేవాళ్ళు కట్టుకోవడం మంచిది. ఒక్క క్యాష్‌బుక్ కోసం వాడే చిన్న షాపుకు అంత తొందర లేదు.